పరుగులో మొదలైన ప్రార్థన, పరుగు ఆగినా నిలవాలంటే

మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను, మిగతావాళ్లకూ అర్థమవ్వాలి కదా. ఒంగోలు నుంచి వచ్చి చెన్నైలో షోళింగనల్లూరు దగ్గర ఉద్యోగం చేస్తున్నారు. వయసు 43. ఐదేళ్లుగా టైప్ 2 షుగర్, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నారు. డాక్టరు నడవమంటే నడిచారు, ఆ నడక పరుగైంది. ఏళ్ల తరబడి నోటికి రాని ప్రార్థన ఆ పరుగులో మళ్లీ వచ్చింది. జనవరిలో చెన్నై మారథాన్‌లో హాఫ్ మారథాన్ (21.1 కిలోమీటర్లు) చేయాలని ఉంది. ఇంతలో మడమ నొప్పి వచ్చి నెల రోజులుగా పరుగు లేదు, దాంతోపాటు ప్రార్థనా పోయినట్టుంది అంటున్నారు. ఆ హాయి దేవుడిచ్చిందా, ఒంట్లో పుట్టిందా అని ఒక ప్రశ్న. శుక్రవారం ఉపవాసం, ఆదివారం ఆరాధన పరుగుతో ఎలా కుదురుతాయని ఇంకొకటి. ప్రార్థన కూడికలో ఒక అన్న "విశ్వాసముంటే మాత్రలెందుకు" అన్నారట. ముందు ఆ సంగతే చూద్దాం, ప్రాణంతో పని కాబట్టి.

మాత్రలు ఆపకండి. పౌలు తిమోతికి రాస్తూ, కడుపు జబ్బుకూ తరచుగా వచ్చే బలహీనతలకూ కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. నీకు విశ్వాసం చాలలేదని అనలేదు. తన సహచరుడు త్రోఫిము రోగిగా ఉంటే మిలేతులో విడిచి వచ్చానని ఇంకో పత్రికలో చెప్పాడు. ఆయనతో తిరిగిన లూకా వైద్యుడు. యాకోబు పత్రిక ఐదో అధ్యాయం రోగికి నూనె రాసి ప్రార్థన చేయమంటుంది తప్ప మందు మానమనదు. ఆ అన్నతో వాదన పెట్టుకోనక్కర్లేదు. "నా కోసం ప్రార్థన చేయండన్నా, మాత్రల సంగతి డాక్టరు గారు చూసుకుంటారు" అంటే చాలు.

పరుగు అలవాటయ్యాక షుగర్ తగ్గి మోతాదు తగ్గించాల్సి రావడం మామూలే. అది మీ గ్లూకోమీటరు రీడింగులు చూసి డాక్టరు చేయాల్సిన పని. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు షుగర్ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ అలా కాదు. మీరు తిన్నా తినకపోయినా అది క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తూనే ఉంటుంది. మరోపక్క పరిగెత్తే కండరం తనంతట తానే రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది. ఈ రెండూ ఒకేసారి జరిగితే షుగర్ ఉన్నట్టుండి పడుతుంది. పరుగు అయిపోయాక కూడా 24 గంటల దాకా ఈ ప్రభావం ఉండొచ్చు. శనివారం పొద్దున దూరం పరిగెత్తి, ఆ రాత్రి నిద్రలో చెమటలు పట్టి లేచేవాళ్లు ఉంటారు. కారణం ఇదే.

కాబట్టి బయల్దేరే ముందు వేలు గుచ్చి చూసుకోవాలి. షుగర్ 90 (mg/dL) లోపు ఉంటే 15 నుంచి 30 గ్రాముల పిండిపదార్థం తిని కాసేపు ఆగండి. ఒక మాదిరి అరటిపండులో 25 గ్రాముల దగ్గర ఉంటుంది. 300 దాటి ఉంటే ఆ రోజు పరుగు వద్దు. జేబులో గ్లూకోజ్ మాత్రలో, చక్కెర పొట్లమో ఉండాలి. చేతులు వణికినా, చల్లటి చెమట పట్టినా, ఉన్నట్టుండి చిరాకు కమ్మినా అక్కడే ఆగి 15 గ్రాములు వేసుకోండి. చక్కెరైతే మూడు నాలుగు చెంచాలు. 15 నిమిషాలాగి మళ్లీ పరీక్ష. 70 పైకి రాకపోతే ఇంకో 15 గ్రాములు. బిస్కెట్లు, చాక్లెట్లు ఈ పనికి రావు, వాటిలోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. బీపీకి మెటోప్రొలాల్ లాంటి మందు కూడా ఉంటే గుండెదడ తెలియదు, వణుకూ తగ్గుతుంది; చెమట ఒక్కటే గుర్తు. చెన్నైలో చెమట ఎప్పుడూ ఉండేదే కాబట్టి అలాంటివాళ్లు మీటరునే నమ్మాలి. గడియారం చూపే గుండె వేగం లెక్కలు కూడా వాళ్లకు పనికిరావు.

ఇంకొక మాట. 40 దాటి, షుగర్ ఉన్నవాళ్లు హాఫ్‌కు సిద్ధమయ్యే ముందు గుండె పరీక్ష గురించి డాక్టరును అడగాలి, కళ్లలో రెటీనా చూపించుకోవాలి, పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోవాలి. స్పర్శ తగ్గిన పాదానికి బొబ్బ లేచినా తెలియదు. పరుగు నుంచి రాగానే సాక్సు విప్పి అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి. రోజూ కాలు చూసుకునే ఆ అర నిమిషమే "ఈ కాళ్లకు వందనాలు ప్రభువా" అనడానికి తగిన సమయం అని నా అభిప్రాయం.

ఇక ఆ హాయి సంగతి. పరిగెత్తితే వచ్చే హాయికి ఒంట్లో పుట్టే ఎండార్ఫిన్లు అనే రసాయనాలు కారణమని అందరూ చెప్పేస్తారు. అవి రక్తంలోంచి మెదడులోకి అంత తేలిగ్గా చొరబడవు. ఇటీవలి పరిశోధనలు ఎక్కువగా శరీరం తనకు తాను తయారుచేసుకునే ఎండోకన్నబినాయిడ్లు అనే వేరే రసాయనాల వైపు చూపిస్తున్నాయి. వాటిలో ఒకదానికి 1992లో ఆనందమైడ్ అని పేరు పెట్టారు, ఆ పేరులోది మన ఆనందమే. అంటే మీ హాయికి ఒంట్లో కారణం కచ్చితంగా ఉంది. అంతమాత్రాన అది దేవుడిది కాకుండా పోదు. అన్నం తింటే ఆకలి తీరడానికీ కారణం ఒంట్లోనే ఉంది, అయినా భోజనానికి ముందు స్తుతి చెల్లిస్తాం కదా.

హాయినీ కృతజ్ఞతనూ ఒకటిగా కలిపేసుకుంటేనే చిక్కు. హాయి గంటలో పోతుంది. కృతజ్ఞత పోకూడదు. "ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అని పౌలు థెస్సలొనీకయులకు రాసిన మాటలో పని ఉంది, చెల్లించడం. అది మనసుకు వచ్చినప్పుడు వచ్చేది కాదు, మనం కూర్చుని చేసేది. మీకు పరుగు ఆ తలుపు తీసిపెట్టింది, సంతోషం. లోపలికి నడిచే అలవాటు ఇంకా పడలేదు, అందుకే మడమ నొప్పి రాగానే తలుపు మూసుకున్నట్టనిపిస్తోంది. విశ్వాసం పోయిందని నేననుకోను.

దానికి సాధన ఉంది. పరుగులో మొదలుపెట్టొచ్చు, మంచం మీదికీ తెచ్చుకోవచ్చు. 136వ కీర్తనలో 26 వచనాలు, ప్రతిదాని చివర "ఆయన కృప నిరంతరముండును" అనే పల్లవి. నెమ్మదిగా పరిగెత్తేటప్పుడు మూడడుగులకు గాలి పీల్చి మూడడుగులకు వదలడం చాలామందికి కుదురుతుంది. పీల్చేటప్పుడు ఆ రోజు అందిన ఒక మేలును మనసులో అనుకోండి, వదిలేటప్పుడు పల్లవిని పైకి అనండి. మేలు చిన్నది, కంటికి కనబడేదై ఉండాలి. "ఆరోగ్యం" అంటే మనసు జారిపోతుంది. "ఐదింటికే టీ కొట్టు తెరిచిన తాత", "నిన్న రాత్రి 118", "ఎడమ మోకాలు" అంటే నిలుస్తుంది. పల్లవి ఒక్క ఊపిరిలో పూర్తి కాకపోతే మీరు వేగంగా పోతున్నట్టే, తగ్గించండి. పరుగు శిక్షకులు మాటల పరీక్ష అంటారే, ఇదీ అదే. వారంలో చేసే పరుగుల్లో ఎక్కువ భాగం మాట్లాడగలిగే వేగంలోనే ఉండాలి. కాథలిక్కులైతే వేలికి పెట్టుకునే పది పూసల జపమాల ఉంగరం ఉంటుంది, దాన్ని ఐదుసార్లు తిప్పితే నడకలో సుమారు ఇరవై నిమిషాలు. పాటలు వింటూ పరిగెత్తడం తప్పు కాదు గానీ, స్తుతి పాట జోరుకు కాళ్లు కూడా జోరందుకుంటాయి. దూరం పోయే రోజు చెవుల్లో ఏమీ వద్దు. బీచ్ రోడ్డు మీద బైకుల శబ్దం వినబడటం కూడా అవసరం.

ఇంటికొచ్చాక ఒక నోటుపుస్తకం. తేదీ, దూరం, ముందు షుగర్, తర్వాత షుగర్, పాదాలు ఎలా ఉన్నాయి, చివర స్తుతి ఒక్క వాక్యం. అన్నీ ఒకే పేజీలో ఉండాలి. డాక్టరుకు చూపించే పుస్తకమూ ఇదే కావడం మంచిది. పరుగు లేని రోజు దూరం దగ్గర సున్నా వేయండి, స్తుతి గడి మాత్రం ఖాళీగా వదలొద్దు.

ఆదివారం విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చెన్నైలో పరుగు బృందాలు దూరం పరుగులను ఎక్కువగా ఆదివారం పొద్దునే పెట్టుకుంటాయి. ఐదింటికి మొదలుపెట్టి ఎనిమిదింటికి ఇంటికి చేరి తొమ్మిదింటి ఆరాధనకు వెళ్తే వాక్యం సగంలో కునుకు వస్తుంది. ఒకటి రెండు నెలల్లో ఆరాధనే మానేయడం మొదలవుతుంది. శరీరం అలసి జరిగేది ఇది, భక్తి తగ్గి కాదు. మార్గం తేలిక, దూరం పరుగును శనివారానికి మార్చండి. మంగళవారం 5, గురువారం 6 కిలోమీటర్లు తేలిగ్గా, శనివారం దూరం, ఆదివారం పూర్తి విశ్రాంతి. శనివారం దూరాన్ని 6తో మొదలుపెట్టి వారానికి ఒకటి, ఒకటిన్నర చొప్పున పెంచండి. ప్రతి నాలుగో వారం మూడో వంతు తగ్గించండి. పోటీకి మూడు వారాల ముందు 18 దాకా వస్తే 21.1కి అది చాలు. దీనికి కనీసం 16 వారాలు పడుతుంది.

పోటీయే ఆదివారం వస్తే? 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల తొలి దశ పరుగులు (హీట్స్) ఆదివారం ఉన్నాయని స్కాట్లాండ్ పరుగువీరుడు ఎరిక్ లిడెల్ ఆ పరుగు వదులుకున్న సంగతి చాలా సంఘాల్లో చెబుతారు. ఆయన ఆ మాట ఆఖరి నిమిషంలో అనలేదు, ఇది మాత్రం అంతగా చెప్పరు. పోటీల పట్టిక నెలల ముందే తెలిసింది. ఆ నెలలన్నీ 400 మీటర్లకు సాధన చేశాడు, 47.6 సెకన్లలో బంగారు పతకం గెలిచాడు. మీరూ తేదీ ప్రకటించగానే చూసుకోండి. మనస్సాక్షి ఒప్పుకోకపోతే శనివారం జరిగే పోటీని ఎంచుకోండి. ఒప్పుకుంటే ఆ రోజు సాయంత్రం ఆరాధన ఎక్కడుందో ముందే కనుక్కుని, పాస్టరు గారికి చెప్పి వెళ్లండి. ఏ దారి పట్టినా రెండో దారిలో వెళ్లేవాళ్లను తీర్పు తీర్చొద్దు.

శుక్రవారం ఉపవాసం చేసి శనివారం తెల్లవారుజామున దూరం పరుగు, ఈ జత మాత్రం ప్రమాదం. కండరాల్లో నిల్వ చక్కెర తక్కువ, ఒంట్లో నీళ్లు తక్కువ, పైన గ్లిమెపిరైడ్. ఉపవాసాన్ని సోమవారానికి మార్చుకోండి, ఆ రోజు పరుగు లేదు కాబట్టి. రంజాన్ ఉపవాసం ఉండే షుగర్ రోగులకు మందుల వేళలు, మోతాదు మార్చే పద్ధతి డాక్టర్లకు బాగా తెలుసు. "నాకూ అలాగే, వారానికో రోజు" అని అడిగితే వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఉపవాసంలో వేలు గుచ్చి చూసుకుంటే ఉపవాసం చెడదు. 70 లోపు పడినా, 300 దాటినా, ఏ వేళైనా సరే ఉపవాసం విడిచేయండి. అరగంట ఓపిక పడదాం అనుకోవద్దు. పూర్తి ఉపవాసం కుదరనివాళ్లకు దానియేలు పది రోజులు శాకధాన్యాలు, నీళ్లతో గడిపిన పద్ధతి ఉంది. మాంసం, తీపి, ఫోను వదిలి ఆ సమయం ప్రార్థనకు ఇవ్వడం ఏమీ తక్కువది కాదు. మీ మందు ఎప్పుడైనా డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి, చక్కెరను మూత్రంలో పోగొట్టే మందుకు మార్చితే ఉపవాసం గురించి మళ్లీ అడగాలి. వాటితో పస్తు, దూరం పరుగు కలిస్తే రీడింగు మరీ ఎక్కువ లేకుండానే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకోవచ్చు. వాంతులు, కడుపు నొప్పి, ఆయాసం వస్తే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

చెన్నై గాలి గురించి రెండు ముక్కలు. తెల్లవారుజామున ఎండ లేకపోయినా ఉక్క ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. కాబట్టి వేరే ఊళ్లో పరిగెత్తిన వేగం ఇక్కడ రాదు. పరుగుకు ముందు, తర్వాత తడి బట్టలు లేకుండా బరువు చూసుకోండి. కిలో తగ్గితే సుమారు లీటరు చెమట పోయినట్టు. పరుగు తర్వాత బరువు పెరిగిందంటే నీళ్లు ఎక్కువ తాగారు, రక్తంలో సోడియం పలచబడుతుంది, అదీ ప్రాణాపాయమే. దాహాన్ని బట్టి తాగండి. గంట దాటిన పరుగుకు ఓఆర్‌ఎస్ మంచిదే. డబ్ల్యూహెచ్‌ఓ సూత్రం ప్రకారం చేసిన పొడి ప్యాకెట్టును సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి. అందులో 13.5 గ్రాముల గ్లూకోజు ఉంటుంది, అది లెక్కలో వేసుకోండి. జనవరి పోటీ సాధన ఎక్కువ భాగం ఈశాన్య రుతుపవనాల వానల్లోనే పడుతుంది. నిలిచిన నీళ్లలో దిగొద్దు, షుగర్ ఉన్న పాదానికి అది మంచిది కాదు. జ్వరం ఉంటే పరుగు అసలే వద్దు, కొన్ని వైరస్ జ్వరాల్లో గుండె కండరం వాస్తుంది.

సాక్ష్యం గురించి అడగలేదు గానీ చెప్పాలి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) తగ్గగానే సంఘంలో లేచి చెప్పమంటారు. చెప్పండి. "దేవుడు నన్ను స్వస్థపరిచాడు, మాత్రలు మానేశాను" అనే రూపంలోకి మాత్రం జారనివ్వకండి. వెనక బల్లమీద వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లే అక్క కూర్చుని ఉంటుంది, ఆమె ప్రార్థన తక్కువైందని మీరు అన్నట్టవుతుంది. ఏ డాక్టరు, ఏ మందు, ఎవరు తోడు పరిగెత్తారు, ఇంట్లో ఎవరు తెల్లవారుజామున లేచి టిఫిన్ చేశారు, వాళ్లందరికీ పేరుపేరునా కృతజ్ఞత చెప్పండి. 6.8 అనే అంకె మీ విశ్వాసానికి వచ్చిన మార్కు కాదు. రేపు అది 7.6 అయితే అప్పుడూ నిలబడి మాట్లాడగలిగేటట్టు ఈ రోజు మాట్లాడాలి. పౌలు శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును". ముల్లు పోలేదు.

ఇప్పుడు మీ మడమ. పొద్దున మంచం దిగి వేసే మొదటి అడుగులో పోటు, నాలుగడుగులు నడిస్తే తగ్గడం, ఎక్కువసేపు కూర్చుని లేస్తే మళ్లీ రావడం, ఇదంతా చూస్తే అరికాలి పట్టీ నొప్పిలా (ప్లాంటార్ ఫేసియైటిస్) ఉంది. ఫిజియోథెరపిస్టుకు చూపించి నిర్ధారించుకోండి. సాధారణంగా పనిచేసేది ఈ వ్యాయామం. మెట్టు అంచున పాదం ముందుభాగం పెట్టి, వేళ్ల కింద చుట్టిన తువ్వాలు ఉంచి, ఒంటికాలి మీద మూడు సెకన్లలో మడమ లేపి, రెండు సెకన్లు ఆపి, మూడు సెకన్లలో దించాలి. పన్నెండు సార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు. నెలల తరబడి చేయాలి, రెండు వారాల్లో తగ్గలేదని మానేస్తారు, తిరగబెట్టడానికి అదొక పెద్ద కారణం. ఇంట్లో చల్లని గచ్చు మీద చెప్పుల్లేకుండా తిరగొద్దు. ఇంజెక్షన్ మాట వస్తే, స్టెరాయిడ్ వల్ల కొన్నాళ్లు షుగర్ పెరుగుతుందని గుర్తుపెట్టుకుని అడగండి.

ఐదు గంటల అలారం తీసేయకండి. పరుగుకు పెట్టుకున్న ఆ నలభై నిమిషాలు అలాగే ఉండాలి, పని మాత్రం మారుతుంది. పన్నెండు సార్లు లేపి దించే లెక్కలోనూ పల్లవి అనుకోవచ్చు, ఎనిమిది సెకన్లకు ఒకసారి చక్కగా సరిపోతుంది. స్తుతి రాకపోతే బలవంతంగా నవ్వు తెచ్చుకోవద్దు. 13వ కీర్తన "ఎన్నాళ్లు" అనే మొదలవుతుంది. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, వెలుగు రాదు, అయినా అది కీర్తనల్లో ఉంది. అలసి చావు కోరుకున్న ఏలీయాకు దూత ముందు చేసింది బోధ కాదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చి పడుకోనిచ్చాడు, లేపి మళ్లీ తినమన్నాడు. ఈ నెల మీరు నిద్ర, భోజనం, మాత్రలు వేళకు చూసుకుంటే అదే మీ ప్రార్థనలో పెద్ద భాగం. రెండు వారాలు దాటినా దేనిమీదా ఆసక్తి లేక, నిద్ర పట్టక ఉంటే అది ఆత్మీయ బలహీనత అనుకుని దాచుకోకండి. షుగర్ ఉన్నవాళ్లలో డిప్రెషన్ ఎక్కువగా కనిపిస్తుంది, డాక్టరుకు చెప్పండి.

మడమ బాగా కుదుటపడ్డాక, పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) ఒకసారి ఎక్కండి. సుమారు 300 అడుగుల కొండ, అపొస్తలుడైన తోమా అక్కడే హతసాక్షి అయ్యాడని సంప్రదాయం. పద్దెనిమిదో శతాబ్దంలో పెట్రస్ వోస్కన్ అనే ఆర్మేనియా వర్తకుడు మెట్లు కట్టించాడు. దారిలో క్రీస్తు శ్రమలను తలచుకునే సిలువ మార్గపు 14 ఘట్టాలున్నాయి. పరిగెత్తకుండా, ప్రతి ఘట్టం దగ్గర ఆగి ఎక్కితే గుండె వేగం లేస్తూ తగ్గుతూ ఉంటుంది, పిక్కలకూ బలం. చదునైన చెన్నైలో ఫ్లైఓవర్లను వదిలేస్తే మంచి ఎత్తు దొరికే కొద్ది చోట్లలో అదొకటి. పైన ఆరాధన జరుగుతుంటే నిశ్శబ్దంగా ఉండండి.

మళ్లీ పరుగు ఎప్పుడంటే, మొదటి అడుగు నొప్పి పదికి మూడు లోపు వరుసగా వారం ఉండాలి, 30 నిమిషాలు నడిచినా మర్నాడు పెరగకూడదు. అప్పుడు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, పదిసార్లు. మెరీనాలో లైట్‌హౌస్ దగ్గర మొదలుపెట్టండి. అక్కణ్నుంచి నేపియర్ వంతెన మూడు కిలోమీటర్ల పైచిలుకు, కాబట్టి ఎక్కడ నొప్పి వచ్చినా తిరిగి నడిచి వచ్చేయొచ్చు. మర్నాడు పొద్దున నొప్పి ఎంతో రాసుకుని, అది పెరగకపోతేనే రెండో రోజు. ఈ లెక్కన జనవరికి 16 వారాలు మిగలకపోతే హాఫ్ బదులు 10 కిలోమీటర్లకు పేరు ఇవ్వండి, జేబులో గ్లూకోజ్ మాత్రలు దానికీ కావాలి.